గుండె పక్కన గుడ్డ గొట్టం

వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, బొడ్డుకు కాస్త పైన వేళ్ళతో మెల్లగా నొక్కి చూడండి. సన్నగా ఉన్నవారికి అక్కడ కొట్టుకుంటున్నట్టు తెలుస్తుంది. అది బృహద్ధమని. గుండె ఎడమ జఠరిక నుండి బయలుదేరి, విల్లులా వంగి, వెన్నెముకను ఆనుకుని కిందికి దిగుతుంది. ఛాతీలో దీని వెడల్పు సుమారు 3 సెంటీమీటర్లు.

గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుందనుకుంటే రోజుకు లక్షకు పైగా దెబ్బలు ఈ గోడకు తగులుతాయి. వయసు మీరిన కొందరిలో, ముఖ్యంగా పొగ తాగేవారిలో, గోడ బలహీనపడి ఉబ్బుతుంది. సైకిలు టైరు చిరిగిన చోట ట్యూబు బుడగలా పొంగడం మీరు చూసే ఉంటారు, ఇదీ అంతే. ట్యూబు పగిలితే సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వస్తాం. బృహద్ధమని పగిలితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

అందుకే చెడిన ముక్క స్థానంలో మరో గొట్టం అతకాలి. గాజు గొట్టాలు, లోహపు గొట్టాలు పెట్టి చూశారు. రక్తం గడ్డకట్టి అవి పూడిపోయాయి.

1947లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆర్థర్ వోరీస్ అనే యువ వైద్యుడు ఒక చిత్రం గమనించాడు. ఎప్పుడో కుక్క గుండెలో వేసిన పట్టుదారపు కుట్టు ఒకటి రక్తం మధ్యనే ఉండిపోయింది. దాని మీద రక్తపు గడ్డలు లేవు. మెరిసే పలచని పొర కమ్ముకుని ఉంది. దారానికే పొర కమ్మితే గుడ్డకు కమ్మదా అనుకున్నాడు. పారాచూట్లకు వాడే వినియాన్ అనే గుడ్డతో గొట్టాలు కుట్టి కుక్కలలో అమర్చాడు. ఆ ఫలితాలు 1952లో వెలువడ్డాయి.

అమెరికాలోనే హ్యూస్టన్ నగరంలో ఉన్న శస్త్రవైద్యుడు మైకేల్ డిబేకీకి చిన్నప్పుడే తల్లి కుట్టుపని నేర్పింది. ఆయన నైలాన్ గుడ్డ కోసం దుకాణానికి వెళితే అది అయిపోయింది. డెక్రాన్ ఉందన్నారు. సరే అని కొని, ఇంట్లో భార్య కుట్టుమిషను మీద తానే గొట్టం కుట్టాడు. 1954లో దాన్ని రోగికి అమర్చాడు. దుకాణంలో నైలాన్ లేకపోవడమే మంచిదయింది! శరీరంలో ఉంచిన నైలాన్ కొన్ని నెలల్లోనే చాలా బలం కోల్పోతుందని తరువాత తేలింది. డెక్రాన్ ఏళ్ళ తరబడి నిలిచింది. ఇదేమీ అపురూపమైన గుడ్డ కాదు, పాలియెస్టరే. టెరికాటన్ చొక్కాలో నూలుతో కలిపి నేసేది దీన్నే.

గుడ్డలోంచి రక్తం కారిపోదా అని మీకు సందేహం రావచ్చు. కారుతుంది. అందుకే పూర్వం గొట్టాన్ని ముందు రోగి రక్తంలోనే తడిపేవారు. అది గడ్డకట్టి రంధ్రాలు మూసేది. ఇప్పుడు జెలటిన్ వంటి పూత పూసి తయారు చేస్తున్నారు. వంచినపుడు నొక్కుకుపోకుండా హార్మోనియం తిత్తిలా మడతలూ ఉంటాయి.

ఇక లోపలి పొర సంగతి. కుక్కలో అది గొట్టమంతా కమ్ముకుంటుంది. మనిషిలో మాత్రం అతుకు నుండి ఒకటి రెండు సెంటీమీటర్లు పాకి ఆగిపోతుంది. అయినా బృహద్ధమని వెడల్పుగా ఉండి, రక్తం వడిగా పారుతుంది కనుక గొట్టం పూడిపోదు. 6 మిల్లీమీటర్లకన్నా సన్నని గుడ్డ గొట్టాలు పూడిపోతాయి. గుండెకు రక్తమిచ్చే చిన్న ధమనులకు వీటిని వాడలేకపోవడం అందుకే.

గుడ్డ చిరగడం అరుదు. అల్లిక గుడ్డ అయితే ఏళ్ళు గడిచేకొద్దీ కాస్త సాగుతుంది. అసలు చిక్కు అతుకు దగ్గర వచ్చింది. తొలి రోజుల్లో పట్టుదారంతో కుట్టేవారు. పట్టు మాంసకృత్తు; శరీరం దాన్ని మెల్లమెల్లగా అరగదీస్తుంది. ఏళ్ళ తరువాత కుట్టు వదిలి, అక్కడ మళ్ళీ ఉబ్బేది. ఆ దారం కారణంగా ఎందరో రెండోసారి ఆపరేషన్ బల్ల ఎక్కారు. ఇప్పుడు పాలీప్రొపిలీన్ దారం వాడుతున్నారు. సిమెంటు బస్తాలు నేసే ప్లాస్టిక్కే అది. సూక్ష్మజీవుల భయం మాత్రం మిగిలే ఉంది. గుడ్డ పోగుల మధ్య అవి చేరితే మందులకు లొంగడం కష్టం. తరచుగా జరగదు కాని, జరిగితే ఒక్కోసారి గొట్టాన్నే తీసి మార్చాలి.

2005 డిసెంబరు 31న డిబేకీకి ఛాతీలో తీవ్రమైన నొప్పి వచ్చింది. వయసు 97. తన బృహద్ధమని లోపొర చీలిందని ఆయనే గుర్తుపట్టాడు. అలాంటి చీలికకు ఆపరేషన్ రూపొందించినవాడు తానే. అయినా మొదట వద్దన్నాడు. 2006 ఫిబ్రవరిలో స్పృహ తప్పాక సహచరులు ఆపరేషన్ చేసి, చీలిన భాగం స్థానంలో డెక్రాన్ గొట్టం అమర్చారు. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి కోలుకున్నాడు, మళ్ళీ పనిలోకి కూడా వెళ్ళాడు. 2008 జూలైలో, 99వ ఏట చనిపోయాడు. ఈ రెండేళ్ళ అయిదు నెలల్లో ఆ గుడ్డ గొట్టం గుండె దెబ్బలు ఎన్ని కాచుకుందో, నిమిషానికి 70 చొప్పున మీరే లెక్క వేయండి.