పెంపుడు పిల్లి ఉన్నట్టుండి ఎందుకు తిరగబడుతుంది?

ఏళ్ల తరబడి ఒళ్లో నిద్రపోయిన పిల్లి ఒకరోజు హఠాత్తుగా బుసకొడుతుంది. దగ్గరికి తీసుకోబోతే చెయ్యి రక్కుతుంది, కాలు పట్టి కరుస్తుంది. పిల్లి పగబట్టిందని ఇంట్లో కొందరు అంటారు, పిచ్చెక్కిందని ఇంకొందరు తేల్చేస్తారు. కొన్ని ఇళ్లలో దానికి దెబ్బలు పడతాయి. మరికొన్ని ఇళ్లలో సంచిలో వేసి ఊరి చివర వదిలేసి వస్తారు.

పశువైద్యులు, జంతు ప్రవర్తనను అధ్యయనం చేసేవారు ఈ మార్పును జ్వరంతో పోలుస్తారు. జ్వరం ఒక లక్షణం. అసలు జబ్బు వేరేచోట ఉంటుంది. పిల్లి దూకుడు కూడా అంతే. దాని వెనక చాలా సందర్భాల్లో ఉండేది నొప్పి లేదా భయం. అరుదుగా రేబిస్ కూడా కావచ్చు. మన దేశంలో ఆ అవకాశాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. అందుకే పిల్లి తిరగబడినప్పుడు మూడు పనులు వరుసగా జరగాలి: గాయమైన మనిషికి చికిత్స, పిల్లి శాంతించడానికి సమయం, ఆ తర్వాత కారణం వెతకడం.

వేటాడే జీవి, వేటకు చిక్కే జీవి

పెంపుడు పిల్లి పూర్వీకురాలు ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి. ధాన్యం నిల్వలు, వాటి కోసం చేరిన ఎలుకలు ఈ పిల్లిని మనిషి ఊళ్ల దగ్గరికి రప్పించాయి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం దొరికింది. స్నేహం ఇంత పాతదైనా పిల్లి స్వభావం పెద్దగా మారలేదు. అది ఒంటరిగా వేటాడే జంతువు. శరీరం చిన్నది కాబట్టి పెద్ద జంతువులకు అదే ఆహారమయ్యే ప్రమాదం కూడా ఉంది. అలాంటి జీవి బలహీనతను బయటపెడితే బతకదు. నొప్పిని దాచుకోవడం, ముప్పు అనిపించగానే పారిపోవడం, దారి లేకపోతే తిరగబడటం దాని సహజ రక్షణ పద్ధతులు.

పిల్లిని గదిలో వేసి కొడితే పులి అవుతుందని తెలుగులో సామెత ఉంది. అందులో మంచి పరిశీలన ఉంది. తలుపు మూయడం, మూలకు తరమడం, గట్టిగా పట్టుకోవడం వంటివి పిల్లికి పారిపోయే దారి లేకుండా చేస్తాయి. అప్పుడు దాడి ఒక్కటే దానికి మిగిలే మార్గం.

ఈ కోపం మెదడులో ఎక్కడ మొదలవుతుందో శాస్త్రవేత్తలకు చెప్పినవి కూడా పిల్లులే. స్విట్జర్లాండ్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ హెస్ పిల్లుల మెదడులోని హైపోథాలమస్ అనే భాగానికి సన్నని తీగల ద్వారా స్వల్ప విద్యుత్తు పంపారు. అప్పటిదాకా ప్రశాంతంగా ఉన్న పిల్లి వెన్ను వంచి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, బుసకొడుతూ పంజా విసిరింది. విద్యుత్తు ఆపితే శాంతించింది. మెదడు లోపలి భాగాలపై చేసిన పరిశోధనలకు హెస్‌కు 1949లో నోబెల్ బహుమతి లభించింది. ఎలుక మీదికి నిశ్శబ్దంగా దూకే వేట, బుసకొడుతూ చేసే ఆత్మరక్షణ దాడి మెదడులో వేర్వేరు దారుల్లో నడుస్తాయని తర్వాతి పరిశోధనలు చూపాయి. తిరగబడిన పిల్లి ఆలోచించి పగ తీర్చుకోవడం లేదని, దాని రక్షణ యంత్రాంగం మేల్కొందని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఒకరి మీది కోపం ఇంకొకరి మీద

ఏ కారణమూ లేకుండా కరిచిందని యజమానులు చెప్పే సందర్భాల్లో తరచూ కనిపించేది దారి మళ్లిన దూకుడు. పిల్లి కిటికీలో కూర్చుని ఉంటుంది. ఎదురు గోడ మీద ఒక వీధి గండుపిల్లి ప్రత్యక్షమవుతుంది. ఇంటి పిల్లికి అది తన హద్దులోకి వచ్చినట్టే. కానీ మధ్యలో అద్దమో ఇనుప జాలీనో ఉంది. దాడి చేయలేదు, కోపం దిగదు. సరిగ్గా ఆ సమయంలో ఇంట్లోవాళ్లు వచ్చి వీపు నిమురుతారు. అప్పటికే ఉద్రేకంలో ఉన్న పిల్లి అందిన చేతి మీద పడుతుంది.

దీపావళి టపాసులు, పెళ్లి ఊరేగింపు డప్పులు, కుక్కర్ విజిల్, పక్క ఫ్లాటులో డ్రిల్లింగ్ కూడా ఇలాగే పనిచేస్తాయి. మనిషి చెవికి సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకు శబ్దాలు వినిపిస్తే, పిల్లికి 60 కిలోహెర్ట్జ్ దాటినవీ వినిపిస్తాయి. దాన్ని బెదరగొట్టిన శబ్దం మనకు అసలు వినిపించకపోవచ్చు. ఈ ఉద్రేకం తగ్గడానికి గంటలు పట్టవచ్చు, కొన్ని పిల్లులకు ఒక రోజు దాటవచ్చు. పది నిమిషాల తర్వాత బుజ్జగించబోయి రెండోసారి కాటు తినేవారు అందుకే ఎక్కువ.

రెండు పిల్లులున్న ఇంట్లో మరో రకం గొడవ వస్తుంది. పిల్లులు ఒకదాన్నొకటి ప్రధానంగా వాసనతో గుర్తుపడతాయి. ఒకటి పశువైద్యశాలకు వెళ్లి వస్తే దాని ఒంటి మీద మందుల వాసన, ఇతర జంతువుల వాసన ఉంటుంది. ఇంట్లో ఉన్న పిల్లికి అది కొత్త జంతువులా తోచి దాడి చేస్తుంది. తిరిగొచ్చిన పిల్లిని కొన్ని గంటలు వేరే గదిలో ఉంచి, రెండూ పడుకునే గుడ్డలను ఒకదానిది ఇంకొకదానికి మార్చి వేస్తే ఇంటి వాసన మళ్లీ అంటుకుంటుంది.

నొప్పి దాచుకునే పిల్లి

ఇంటి వాతావరణంలో మార్పేమీ లేకుండానే పిల్లి ప్రవర్తన మారితే మొదట అనుమానించవలసింది అనారోగ్యాన్ని. పళ్లు, చిగుళ్ల జబ్బులు, చెవిలో ఇన్ఫెక్షన్, మూత్రనాళ సమస్యలు, పోట్లాటలో తగిలి లోపల చీము పట్టిన గాయాలు పిల్లిని తాకనివ్వకుండా చేస్తాయి. వయసు పైబడిన పిల్లుల్లో కీళ్ల అరుగుదల చాలా ఎక్కువ. 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 90 శాతం పిల్లులకు కీళ్ల క్షీణత కనిపించింది. నడుము మీద చెయ్యి వేయగానే కరిచే ముసలి పిల్లికి అక్కడ నొప్పి ఉండి ఉండవచ్చు. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే పిల్లి ఎంత తిన్నా చిక్కిపోతుంది, కుదురుగా ఉండదు, చిరాకు పడుతుంది. రక్తపోటు పెరిగి చూపు పోయిన పిల్లి చిన్న స్పర్శకే ఉలిక్కిపడి దాడి చేయవచ్చు.

నొప్పిని ముఖంలో చదివే పద్ధతి ఒకటి ఉంది. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో దీన్ని ప్రకటించారు. చెవులు విడివడి బయటికి తిరగడం, కళ్లు సగం మూసుకోవడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా ముందుకు రావడం, తల భుజాల కంటే కిందికి వాలడం అనే ఐదు అంశాలను చూసి, ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 10లో 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నొప్పికి మందు అవసరమని భావిస్తారు.

ఆ మందు నిర్ణయించేది పశువైద్యులే కావాలి. మనుషులు వాడే పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి శరీరం నుంచి బయటికి పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో తగినంత ఉండదు. ఒక్క మాత్ర కూడా ప్రాణం తీయగలదు.

దాడికి ముందు కనిపించే గుర్తులు

చాలా దాడులకు ముందు హెచ్చరిక ఉంటుంది. తోక టపటపా కొట్టడం, వీపు మీద చర్మం అలలా కదలడం, చెవులు పక్కకో వెనక్కో వంగడం, కనుపాపలు విప్పారడం, గుర్‌గుర్ శబ్దం ఆగిపోవడం వంటివి ఇక చాలు అని చెప్పే గుర్తులు. కొన్ని పిల్లులు కాసేపు నిమరనిచ్చి, ఆ తర్వాత చటుక్కున కరవడానికి కారణం స్పర్శ వాటి ఓర్పు హద్దు దాటడమే. పై గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా చెయ్యి తీసేయాలి. ఎక్కువ పిల్లులు బుగ్గలు, గడ్డం కింద నిమరడాన్ని ఇష్టపడతాయి. పొట్ట, తోక మొదలు దగ్గర తాకనివ్వవు.

కూనల దూకుడు వేరు. చాటున పొంచి ఉండి కాళ్ల మీదికి దూకడం వాటికి వేట ఆట. తల్లికీ తోడబుట్టిన కూనలకూ త్వరగా దూరమైన కూనకు ఎంత గట్టిగా కరవవచ్చో తెలియదు. చేతులు, కాళ్లు ఆటవస్తువులు కాదని దానికి నేర్పాలి. కర్రకు కట్టిన ఈకతోనో దారంతోనో రోజూ రెండు మూడుసార్లు కాసేపు ఆడించి, తర్వాత తిండి పెడితే ఆ వేగం సద్దుమణుగుతుంది. ఆట అయ్యాక దారాన్ని తీసి దాచాలి. మింగితే పేగుకు ప్రమాదం.

ఆ క్షణంలో ఏం చేయాలి?

బుసకొడుతున్న పిల్లి కళ్లలోకి సూటిగా చూడకూడదు. అరవకూడదు, పరుగెత్తకూడదు, దాన్ని ఎత్తుకునే ప్రయత్నం అసలే చేయకూడదు. పక్కకు తిరిగి నెమ్మదిగా వెనక్కి జరగాలి. పిల్లలను, ఇతర పెంపుడు జంతువులను ముందు బయటికి పంపాలి. అది మీదికి వస్తుంటే మధ్యలో దిండో అట్టముక్కో అడ్డం పెట్టాలి. వీలైతే పిల్లి ఉన్న గది తలుపు మెల్లగా మూసి, దీపాలు ఆర్పి వదిలేయాలి. నీళ్లు, తిండి, మట్టి ట్రే ఆ గదిలోనే ఉండాలి. రెండు పిల్లులు కొట్టుకుంటుంటే చేతులు పెట్టి విడదీయకుండా వాటి మధ్య దుప్పటి వేయడం మేలు.

కొట్టడం, ముఖం మీద నీళ్లు చల్లడం వల్ల భయం పెరుగుతుంది. భయమే దాడికి మూలమైనప్పుడు శిక్ష తర్వాతి దాడిని దగ్గర చేస్తుంది. పిల్లి తనంతట తాను వచ్చి తిండి తినడం, ఒళ్లు నాక్కోవడం మొదలుపెడితే శాంతించిందని అర్థం.

కాటును తేలిగ్గా తీసుకోవద్దు

పిల్లి కోరలు సూదుల్లా ఉంటాయి. బయటికి చిన్న చుక్కలా కనిపించే గాయం లోపల లోతుగా దిగుతుంది. పిల్లి నోట్లో ఉండే పాస్చురెల్లా అనే బ్యాక్టీరియా ఆ లోతులో వేగంగా పెరుగుతుంది. ఒక రోజు లోపే వాపు, ఎరుపు, నొప్పి మొదలుకావచ్చు. చేతి వేళ్లు, కీళ్ల దగ్గర కాటు పడితే వాపు వచ్చేదాకా ఆగకుండా వైద్యుడికి చూపించాలి. పిల్లి రక్కినప్పుడు బార్టొనెల్లా అనే మరో బ్యాక్టీరియా సోకి జ్వరం, గడ్డలు రావచ్చు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం రేబిస్. మన దేశంలో ఈ వ్యాధి ఎక్కువగా కుక్కల వల్ల సోకుతుంది. కానీ రేబిస్ కుక్క కరిచిన పిల్లికీ వ్యాధి వస్తుంది, దాని నుంచి మనిషికీ వస్తుంది. రేబిస్ సోకిన పిల్లి మునుపెన్నడూ లేని ఉగ్రత్వంతో మీద పడుతుంది. గొంతు మారడం, చొంగ కారడం, నడక తూలడం, పక్షవాతం ఆ తర్వాతి లక్షణాలు. మనిషిలో లక్షణాలు మొదలయ్యాక రేబిస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణం తీస్తుంది. లక్షణాలు రాకముందు సరైన చికిత్స జరిగితే దాన్ని అడ్డుకోవచ్చు.

కరిచినా, రక్కినా వెంటనే కుళాయి కింద ధారగా పడే నీటిలో సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, నూనె వంటివి పూయకూడదు. గట్టిగా కట్టు కట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం రాని చిన్న గీరుకు కూడా రేబిస్ టీకా అవసరం కావచ్చు. చర్మం చీల్చిన కాటు, రక్తం వచ్చిన రక్కు అయితే టీకాతో పాటు గాయంలోనూ చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తారు. టీకాను చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, కండరానికి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. 0 అంటే మొదటి టీకా వేసిన రోజు. ధనుర్వాతం టీకా గురించీ అప్పుడే అడగాలి.

కరిచిన పిల్లిని తరిమేయకూడదు. కరిచిన తర్వాత 10 రోజులు పిల్లి ఆరోగ్యంగా బతికి ఉంటే, కరిచిన సమయంలో దాని చొంగలో రేబిస్ వైరస్ లేదని నిర్ధారించుకోవచ్చు. మిగిలిన డోసులపై వైద్యుడు నిర్ణయం తీసుకోవడానికి ఆ సమాచారం పనికొస్తుంది. పిల్లిని ఊరి బయట వదిలేస్తే ఆ ఆధారం చేజారిపోతుంది. అయితే 10 రోజులు గడిచేదాకా టీకా వాయిదా వేయకూడదు. పరిశీలన, టీకా రెండూ ఒకేసారి సాగాలి.

మళ్లీ జరగకుండా

మొదటి అడుగు పశువైద్య పరీక్ష. ఎప్పుడు కరిచింది, అంతకుముందు ఏం జరిగింది, ఎక్కడ తాకితే ఉలిక్కిపడింది, తిండి, మూత్రవిసర్జన ఎలా ఉన్నాయి అన్న వివరాలు రాసుకుని తీసుకెళ్తే కారణం త్వరగా తెలుస్తుంది. ఫోన్‌లో తీసిన వీడియో ఇంకా మేలు. జబ్బేమీ లేదని తేలితే ఇంటిని పరిశీలించాలి. వీధి పిల్లులు కనిపించే కిటికీ కింది భాగానికి కాగితం అంటించవచ్చు. పిల్లి ఎక్కి కూర్చోవడానికి ఎత్తైన చోటు, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె ఉండాలి. పిల్లులు ఎన్ని ఉంటే అంతకంటే ఒక మట్టి ట్రే ఎక్కువ పెట్టాలి, తిండి గిన్నెలు వేర్వేరు చోట్ల ఉంచాలి. గండుపిల్లికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయిస్తే పోట్లాటలు తగ్గుతాయి.

మూడు నెలల వయసులో రేబిస్ టీకా మొదలుపెట్టి, పశువైద్యుడు చెప్పిన గడువుల్లో మళ్లీ వేయిస్తూ ఉండాలి. గుమ్మం దాటని పిల్లికి కూడా ఇది అవసరమే. టీకా వేసిన తేదీలున్న కార్డు ఇంట్లో భద్రంగా ఉంటే, పిల్లి ఎప్పుడైనా కరిచినప్పుడు వైద్యుడు మొదట అడిగే ప్రశ్నకు సమాధానం చేతిలోనే ఉంటుంది.