తెలిసినదానికి గుత్తాధికారమా?

కోదాడ దాపున నున్న చిలుకూరు మొదలుకొని మిర్యాలగూడెము వఱకు వరిరైతు నేడు మడిలో చల్లు యూరియా గుళికపై వేపనూనె పూత సామాన్యముగా నుండును. దేశమున తయారగు యూరియా కంతటికిని ఈ పూతను 2015లో ప్రభుత్వము తప్పనిసరి చేసినది. నేలలోని సూక్ష్మజీవులు అమ్మోనియమును నైట్రేటుగా మార్చు వేగమును వేప తగ్గించును. అందుచే నత్రజని నీటివెంట కొట్టుకొనిపోక పైరునకు అందును. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనాసంస్థవారు 1970 ప్రాంతముననే దీనిని పరీక్షించియుండిరి.

ఇట్టి వేపకు పరదేశీయులు యజమానులు కాజూచిరి. వేపనూనెతో పైరులకు పట్టు బూజుతెగుళ్లను అరికట్టు పద్ధతిపై అమెరికా వ్యవసాయశాఖకును డబ్ల్యు. ఆర్. గ్రేసు కంపెనీకిని ఐరోపా పేటెంటు కార్యాలయము 1994లో హక్కు నొసగెను. ఆక్షేపణపై 2000లో దానిని రద్దుచేసి, 2005లో అప్పీలును త్రోసివేసెను. ఆ వ్యాజ్యమున అక్కఱకు వచ్చినది మన స్వదేశాభిమానోపన్యాసములు గావు. తాను ముందే పొలములలో పరీక్షించితినని ఒక భారతీయ ఉత్పత్తిదారుడు చెప్పిన సాక్ష్యము.

ప్లాస్టిక్కులో కలుపు రసాయనముల విషయమునను ఇట్టి తగవులే. పొడి యెగిరి పనివారి ఊపిరికి చెఱుపు చేయును, యంత్రములోనికి సరిగా జాఱదు. కావున గుళికలు కట్టుదురు. ప్రయోజనము నిజమే. కాని ఆ పనిలో ఆరితేరినవానికి అదివఱకున్న విద్యచేతనే స్ఫురించు మార్గమునకు 20 ఏండ్ల గుత్త యేల? ఏది ఎంతపాలు కలిపిన గుళిక చిదుకక నిలుచునో ఎవ్వరును ఊహింపని రీతిని కనిపెట్టినవానికి హక్కు దక్కవలసినదే, మేము కాదనము. చిక్కేమన, జవాబు చూచిన పిమ్మట ప్రతి లెక్కయు సులభముగనే తోచును. అందుచేత దరఖాస్తు తేదీనాటికి ఏది తెలిసియుండెనో కాగితముపై చూపవలసియున్నది.

మన 1970 చట్టమునకు 2005లో జరిగిన సవరణచే, దరఖాస్తు ప్రకటితమైన పిమ్మట, పేటెంటు నొసగుటకు పూర్వము, ఎవ్వరైనను ఆక్షేపింపవచ్చును. 2024 నియమములు ఈ ఆక్షేపణకు రుసుము విధించి, అది విచారణార్హమా యని మొదట అధికారియే తేల్చునట్లు చేసినవి. వృథా ఆక్షేపణల నాపుటకే యందురు, అట్టివి లేకపోలేదు. ఐనను చిలుకూరు రైతులు చెన్నపట్టణపు కార్యాలయమునకు అర్జీ పంపదలచినచో గడప ఎత్తు పెరిగినది. రైతుసంఘములకైనను ఈ రుసుమును మాన్పవలెనని మేము కోరుచున్నాము. మన పరిశోధనాలయములును తమ ప్రయోగఫలితములను బీరువాలలో దాచక, తేదీలతో అచ్చొత్తించి ఉంచవలెను.