బిస్ట్రో: పారిస్ వీధిమూల భోజనశాల

పారిస్ భోజనమనగానే వెండి పళ్ళెరములు, నల్లకోటు ధరించిన పరిచారకులు మన మనస్సులో మెదలుదురు. ఆ నగరవాసుల దినచర్యకు వానితో సంబంధము స్వల్పము. వారెరిగినది వీధిమూలనుండు బిస్ట్రో. మన పూటకూళ్ళ ఇంటికి అది దూరపు చుట్టమనవచ్చును: ఇరుకు బల్లలు, కొద్ది వంటకములు, ఓపదగిన ధర.

1814లో పారిస్ ప్రవేశించిన రష్యా సైనికులు తమ భాషలో ‘త్వరగా’ అని కేకలు వేయగా ఈ పేరు పుట్టినదని ఒక కథ కలదు. చక్కని కథయే. కాని ఫ్రెంచి రచనలలో ఆ పదము కనుపించునది 1884 ప్రాంతమున. డెబ్బది యేండ్లు ఎవరికిని వినబడని కేకను నమ్ముట కష్టము.

బిస్ట్రో వంటలోని కిటుకు ఓపికయే. చౌకయైన గట్టి మాంసమును ఉదయమే ద్రాక్షాసవముతో కుండలో పెట్టి గంటల తరబడి ఉడికింతురు. మధ్యాహ్నమునకు అది మెత్తబడును. వచ్చిన వారికి క్షణములో వడ్డింపవచ్చును. వంటవాడొక్కడు, పొయ్యి చిన్నది, ఖర్చు తక్కువ. ఆనాటి వంటకముల పేర్లు పలకపై సుద్దతో వ్రాయుదురు, అయిపోయినదానిని తుడిచివేయుదురు.

ఈ కోవకే చెందిన మరియొక తరగతి ‘బుయ్యోఁ’లు, అనగా చారు అంగళ్ళు. 1896లో వెలసిన షార్తియే నేటికిని నడచుచున్నది. అచట అపరిచితుల నొకే బల్లకు చేర్తురు. పరిచారకుడు బల్లపై పరచిన కాగితము మీదనే లెక్క వ్రాసి కూడును. నిత్యము వచ్చువారు తమ చేతిగుడ్డలు దాచుకొనిన సొరుగులు గోడకు ఇంకను ఉన్నవి.

లోనికి పోగానే ‘బోంజూర్’ అనవలెను. అనక కూర్చున్నవానిని మర్యాద తెలియనివానిగా తలతురు. రొట్టెకు, మామూలు నీటికి వేరుగ వెల లేదు. వడ్డన రుసుము ధరలోనే చేరియుండును. మనము అడుగనిదే బిల్లు తేరు. అది అలక్ష్యము కాదు, లేచిపొమ్మని సూచింపకుండుటయే వారి మర్యాద. శాకాహారులకు ఒక్క మాట: ఉల్లిపాయల చారును వాడుకగా గోమాంసపు రసముతోనే కాచుదురు. అడిగి తెలిసికొనుట మేలు.

ఇపుడు వచ్చిన చిక్కు వేరు. కర్మాగారమున వండి సంచులలో మూసిన కూరను వేడిచేసి పెట్టినచో వంటవాడే అక్కరలేదు. దీనికి విరుగుడుగా 2014లో ఫ్రెంచి ప్రభుత్వము ‘ఇంట వండినది’ అను గుర్తును నెలకొల్పినది. గిన్నెపై మూతకు మారుగా ఇంటికప్పు బొమ్మ. పచ్చివిగా గడ్డకట్టించిన సరకులతో వండినను ఆ గుర్తు చెల్లును. కనుక దానికంటె పలకనే మేము ఎక్కువగా నమ్ముదుము. నాలుగైదు పేర్లున్న చోట ఎవరో పొద్దుట పొయ్యి వెలిగించియుందురు. నాలుగు భాషలలో నలుబది వంటకములు, ప్రతిదానికొక ఛాయాచిత్రము ఉన్నచో అంత చిన్న వంటయింట అవన్నియు ఎట్లు వండిరని సంశయింపవలెను. వెళ్ళువారు పండ్రెండు, రెండు గంటల నడుమ వెళ్ళుట మంచిది. ఆపై పెక్కుచోట్ల పొయ్యి ఆర్పివేయుదురు.