ముసురులో కుక్కతో అడవి దారి

"ఊరకుక్కకు వానేంది, చలేంది?" అంటారు. ఆ మాటతోనే నాకు పేచీ. మా కర్రి అచ్చమైన ఊరకుక్క. పాల్వంచ నుంచి గుండాల వైపు, గోదావరి అవతల దుమ్ముగూడెం, చర్ల వైపు భుజాన సంచితో నడిచినప్పుడల్లా నాకు తోడు అదే. ముసురు పట్టిన రోజుల్లో అది వణకడం నా కళ్లతో చూశాను.

మన నాటుకుక్కది పొట్టి బొచ్చు. మంచు ప్రాంతపు కుక్కలకు ఉన్నట్టు దాని అడుగున దట్టమైన ఊలు పొర ఉండదు. ఒంటికి వెచ్చదనం ఇచ్చేది బొచ్చులో నిలిచే పొడిగాలి. తడిస్తే అది పోతుంది, పైన ఈదురుగాలి తగిలితే ఒంట్లో వేడి లాగేస్తుంది. నడిచినంతసేపు కండరాలు వేడి పుట్టిస్తాయి కాబట్టి కుక్క హుషారుగానే ఉంటుంది. చలి పట్టుకునేది ఆగాకే. ముసలి కుక్కలకు, పిల్లలకు, బక్కవాటికి మరీ త్వరగా.

అందుకే ఎక్కడ ఆగినా నా సంచి విప్పకముందే కర్రిని తుడుస్తాను. పొట్ట, చంకలు, చెవుల అంచులు, ఆ తర్వాత కాలివేళ్ల సందులు. గంటల తరబడి బురదలో నానితే ఆ సందుల్లో చర్మం తెల్లగా ఉబ్బి మెత్తబడుతుంది. ఎర్రమట్టిలోని సన్న గులకరాయి ఒక్కటి ఇరుక్కున్నా కోసుకుపోతుంది. వేలితో ఒక్కో సందు విడదీసి, మంచినీళ్లతో కడిగి, పొడిగా తుడవాలి. గోమార్లు దొరికేదీ ఆ సందుల్లోనూ, చెవుల్లోనూ. పడుకోవడానికి కింద యూరియా సంచి, మీద పాత గొంగడి ముక్క వేస్తాను. ఊలు తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, నూలు దుప్పటికి ఆ గుణం లేదు. నడిచిన రోజు అన్నం, గుడ్డు మామూలుకంటే ఎక్కువే పెట్టాలి. మనం తినే కూరలో ఉల్లిపాయ ఉంటే మాత్రం వద్దు, అది కుక్క రక్తాన్ని దెబ్బతీస్తుంది.

గుండాల దగ్గర ఒక గూడెంలో, చూరు కింద నిలబడ్డ మమ్మల్ని చూసి ఒక అవ్వ, "కొడుకా, దాన్ని గూడ పొయ్యి కాడికి రానియ్యి" అంది. ఆమెకు తెలిసిన సంగతి చాలామందికి తెలియదు.

కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. మన చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన బాగున్నట్టు కాదు. వణుకు మొదలైతే పొడిబట్ట చుట్టి గాలి తగలని చోట ఉంచాలి. వణుకు ఆగిపోయి, చిగుళ్లు పాలిపోయి, కుక్క మందకొడిగా పడి ఉంటే అది ప్రమాదం. బట్ట చుట్టిన వేడినీళ్ల సీసా ఛాతీకి, పొట్టకు ఆనించి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

దారిలో ముర్రేడు, కిన్నెరసాని, తాలిపేరు లాంటి వాగులు ఎగువ వానకే ఉప్పొంగుతాయి. నీళ్లు తగ్గేదాకా ఆగడం తప్ప మార్గం లేదు. ఇక కుక్కను కట్టే పట్టీ సంగతి. అడవిపందుల కోసం దొంగచాటుగా పెట్టే కరెంటు తీగలు, ఉచ్చులు ఈ పొలాల అంచుల్లో మనుషులనే మింగుతున్నాయి. అందుకే పట్టీ విప్పి కుక్కను వదిలిపెట్టకండి. కిన్నెరసాని అభయారణ్యంలోకి మాత్రం నేను కర్రిని తీసుకెళ్లను. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో చనిపోయిన సింహాల్లో బయటపడింది కుక్కలకు సోకే డిస్టెంపర్ వైరసే. మన రేచుకుక్కలకూ ఆ ముప్పు ఉంది.

వానాకాలపు నిల్వనీటిలో ఎలుకల, పశువుల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కకూ మనకూ సోకుతుంది. కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందుకే తాగే నీళ్లు సంచిలోనే మోస్తాను. దీని టీకా మొదటిసారి వేయించేటప్పుడు కొన్ని వారాల తేడాతో రెండు డోసులు పడాలి, ఆపైన ఏటా ఒకటి. జులైలో నడవాలనుకుంటే మే నెలలోనే కుక్కను పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. రేబిస్, డిస్టెంపర్ టీకాల సంగతీ అప్పుడే చూడండి.