మంచాన వున్న ముసలివారికి ఆసరా తెగరాదు
కరోనా నేర్పిన పాఠం – ప్రతి ఊళ్ళో ఇప్పుడే జాబితా రాసుకోవాలి

(గ్రామీణ విలేకరి)

రాజోలు: గోదావరి పాయ ఒడ్డున అదొక లంక గ్రామం. పెంకుటింటి వసారాలో నులకమంచం మీద ఎనభై దాటిన ముసలమ్మ పడుకొని వున్నది. పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయి తొమ్మిదేళ్ళయింది. భర్త లేడు. ఒక్కగానొక్క కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తున్నది. ఆ ఇంట్లోని ముసలావిడను కనిపెట్టుకొని వుండటమే ఆమె పని. ఇక్కడ ఆమె తల్లిని కనిపెట్టుకొని వుండేది మరొకరు.

అవతలి ఒడ్డు నుంచి ఒకామె రోజూ పొద్దున్నే రేవు దాటి వస్తుంది. ముసలమ్మ ముఖం కడిగి, ఒళ్ళు తుడిచి, గుడ్డలు మార్చి, జావ తాగించి, బి.పి. మాత్ర వేస్తుంది. పక్కకు తిప్పి పడుకోబెడుతుంది. సాయంత్రం మళ్ళీ వచ్చి అన్నం కలిపి పెడుతుంది. ఆమె నర్సు కాదు, ప్రభుత్వ ఉద్యోగీ కాదు. ఊరివారు ఆమెను ‘ముసలమ్మ దగ్గర మనిషి’ అంటారు. కూతురు పంపే డబ్బులోనే ఆమె జీతం.

రేవులో పడవ కట్టేసిన రోజు

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. చాలా గ్రామాల్లో కుర్రవాళ్ళు ఊరి మొదట్లో ముళ్ళకంపలు, తాటి దుంగలు అడ్డం వేశారు. బయటివారెవరూ రావద్దన్నారు. ఈ లంకలో పడవ తాడు కట్టేశారు. ఊరిని కాపాడుకోవాలన్న ఉద్దేశమే తప్ప వారికి మరో ఉద్దేశం లేదు. కాని అవతలి ఒడ్డున నిలబడిన ఆ మనిషి సంగతి ఎవరికీ తట్టలేదు.

‘‘ముసలమ్మకు నేను తప్ప ఎవరూ లేరని బతిమాలానండి. నీవల్ల ఊరంతటికీ రోగం వస్తే ఎవరిది పూచీ అన్నారండి. ఆ మాటకు నేనేం చెప్పగలనండి?’’ అని ఆమె ఈ విలేకరితో అన్నది. తన పేరు రాయవద్దని కోరింది.

పొరుగింటి కోడలు పాపం రోజూ గంజి తెచ్చి గుమ్మంలో పెట్టేది. దగ్గరికి పోవటానికి భయం. అటు ఇటు తిప్పే దిక్కులేక ముసలమ్మ ఒకే వైపున పడి వున్నది. మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి తిప్పాలని వైద్యులు చెబుతారు. ఇక్కడ ఏడు రోజులు గడిచాయి. నడుము కింద పుండు పడింది. కువైట్ నుంచి కూతురు వద్దామన్నా విమానాలు లేవు.

ఏప్రిల్ 1వ తేదీన వలంటీరు 2,250 రూపాయల పింఛను ఇవ్వటానికి ఇంటికి వచ్చాడు. అతను చూసి ఏ.ఎన్.ఎం.కు చెప్పాడు. ఆమె పంచాయతీ కార్యదర్శిని వెంటబెట్టుకొని వచ్చి పెద్దలతో మాట్లాడింది. ఆ ఒక్క మనిషి కోసం రోజుకు రెండుసార్లు పడవ వేయటానికి ఊరు ఒప్పుకున్నది. పుండు మానటానికి రెండు నెలలు పట్టింది. కరోనా ఆ ఇంటి గడప తొక్కనే లేదు. ముసలమ్మ ప్రాణం మీదికి తెచ్చింది మనిషి రాకపోవటమే.

ఆలస్యంగా వచ్చిన ఉత్తర్వులు

ఇళ్ళలో వృద్ధుల మంచం దగ్గర పనిచేసేవారికి, వారిని చూసుకొనేవారికి లాక్‌డౌన్ నుంచి మినహాయింపు వున్నదని కేంద్ర హోం శాఖ 2020 ఏప్రిల్ 21న స్పష్టం చేసింది. అప్పటికి లాక్‌డౌన్ మొదలై నాలుగు వారాలయింది. ఢిల్లీలో ఇచ్చిన ఆ వివరణ రేవులో కాపలా వున్న కుర్రవాళ్ళకు ఎవరు చెప్పాలి?

టీకాల విషయంలోనూ ఇదే జరిగింది. 60 ఏళ్ళు దాటినవారికి టీకా 2021 మార్చి 1న మొదలయింది. కదలలేనివారికి ఇంటి వద్దనే వేయవచ్చునని కేంద్రం చెప్పింది సెప్టెంబరులో. ఆ మధ్యలోనే రెండవ ఉధృతి వచ్చి పోయింది. అందరికన్నా ముందు కావలసిన వారికి అందరికన్నా వెనుక అందింది.

చూసేవారిని చూసేదెవరు?

కరోనా విధుల్లో చనిపోయిన ఆశా కార్యకర్తలకు, ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల రూపాయల బీమాను కేంద్రం ప్రకటించింది. మంచిదే. ఇంట్లో వృద్ధుల సేవ చేసే కూలి మనిషికి ఆ వరుసలో చోటు లేదు. రాని రోజుకు కూలి లేదు. మాస్కు, సబ్బు ఆమె సొంత ఖర్చే. జ్వరం తగిలితే బయటికి చెప్పటానికి భయం, చెబితే పని పోతుంది. ఆ భయం వల్ల ముసలివారికే ప్రమాదం.

ఒకే తాడును నమ్ముకోరాదు

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి వద్ద పింఛను ఇవ్వటం 2020 ఫిబ్రవరి 1న మొదలయింది. లాక్‌డౌన్ నాటికి అది వుండబట్టే ఈ ముసలమ్మ సంగతి బయటపడింది. అయితే 2024 మార్చి చివరలో ఎన్నికల వేళ వలంటీర్లను ఆ పనికి దూరంగా వుంచాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఎందరో వృద్ధులు మండుటెండలో సచివాలయాలకు వెళ్ళవలసి వచ్చింది. కారణం ఏదయినా, ఒక మనిషి ఆగితే రెండవ మనిషి సిద్ధంగా లేకపోవటమే లోపం.

లంకలకు మరొక బెడద వరద. 2020 ఆగస్టులో, కరోనా జోరుగా వున్నప్పుడే, ధవళేశ్వరం వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక ఎగరవేశారు. అటువంటప్పుడు మంచంలో వున్నవారిని మోసుకుపోయేది ఎవరు, వారి మందుల సంచి తీసుకుపోయేది ఎవరు అన్నది ముందే తెలియాలి.

కేరళలో 2008 నుంచే ఇందుకొక విధానం వున్నది. పంచాయతీల ఆధ్వర్యంలో నర్సులు మంచం పట్టినవారి ఇళ్ళకు వెళ్ళి పుండ్లు కడిగి, కట్లు కట్టి వస్తారు. ఊరి యువకులు, గృహిణులు తోడు వెళతారు. ఎవరింట్లో ఎవరు మంచాన వున్నారో అక్కడి పంచాయతీకి తెలుసు.

మన ఊళ్ళో చేయదగినవి

ఇందుకు పెద్ద నిధులేమీ అవసరం లేదు. ఊళ్ళో మంచం పట్టినవారు, ఒంటరిగా వున్న వృద్ధులు ఎవరో సచివాలయంలో ఒక పుస్తకంలో రాసుకోవాలి. ప్రతి పేరు పక్కన చూసుకొనే మనిషి పేరు, ఆమె రాలేకపోతే వచ్చే రెండవ మనిషి పేరు వుండాలి. చూసుకొనేవారికి పంచాయతీ ముద్రతో గుర్తింపు చీటీ ఇస్తే ఏ కాపలా దగ్గరా ఆగనక్కరలేదు. మాస్కులు, సబ్బులు పంచాయతీ ఇవ్వాలి. జ్వరం వచ్చి మానేసిన రోజులకు ఇంటివారు కూలి కోయరాదు.

ఇంటివారు నెలకు సరిపడా మందులు ముందే తెచ్చుకోవాలి. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాలి. అంటురోగం వున్న రోజుల్లో లోపలికి వచ్చే మనిషి సబ్బుతో చేతులు కడుక్కొని, మాస్కు కట్టుకొని, కిటికీలు తెరిచి పని చేస్తే చాలావరకు ముప్పు తగ్గుతుంది. దిక్కుతోచని వేళ వృద్ధుల కోసం 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

పక్షవాతం వంటి జబ్బులతో పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి 2024 జూలై నుంచి నెలకు 15 వేల రూపాయల పింఛను ప్రకటించారు. అర్హులు ఆ సంగతి సచివాలయంలో కనుక్కోవాలి. డబ్బు వున్నా మనిషి రాకపోతే ముద్ద నోటికి చేరదు కనుక, జాబితా పని వచ్చే గ్రామసభలోనే మొదలు పెట్టాలని, పంచాయతీ పెద్దలు, మండల అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించాలని లంక గ్రామాల వృద్ధులు కోరుతున్నారు.