వేరు మిగిలితేనే నన్నారి మిగులుతుంది

గ్రీష్మ ఋతువు ప్రవేశించగానే రాయలసీమ పట్టణాలలో వీధివీధినా నన్నారి షర్బత్తు కనిపిస్తుంది. దాహమును, తాపమును శమింపజేసే పానీయముగా దీనికి మన ఇళ్ళలో ఎంతో ఆదరణ ఉన్నది. చరక సంహిత దాహప్రశమన ద్రవ్యములు పదింటిలో శారిబను పేర్కొన్నది. శారిబ అనగా మన సుగంధిపాల.

అయితే నన్నారి పేరుతో అమ్మే వేళ్ళన్నీ సుగంధిపాల కావు. సుగంధిపాల వేరు సన్నగా, గట్టిగా ఉంటుంది. వ్రేలి లావున కండగలిగి, నడుమ కట్టె ఉండేవి నన్నారి కొమ్ములు. వీటినే మాదిన కొమ్ములు అని కూడా అంటారు. శాస్త్రనామం డెకాలెపిస్ హామిల్టోనియై. పరిమళం రెండింటిదీ ఒకటే. ప్రమాదంలో ఉన్నది ఈ రెండవది.

ముప్పు ఎందుకు?

ఈ తీగ దక్షిణ భారతానికే పరిమితమైనది. నల్లమల, శేషాచలం వంటి కొండలలో రాతి సందుల మధ్య పెరుగుతుంది. ఆకు కోసిన మొక్క మళ్ళీ చిగురిస్తుంది. దుంపను పూర్తిగా పెకలిస్తే దాని ప్రాణమే పోతుంది. గింజలు పండి గాలికి ఎగరకముందే త్రవ్వుట వలన సంతతి నిలువదు. మిగిలిన లేత మొలకలను కార్చిచ్చులు, పశువుల మేత దెబ్బతీస్తాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని అంతరించే ముప్పున్న జాతులలో చేర్చినది. తీగ కరువైతే, దానిని సేకరించి జీవించే చెంచులకు, యానాదులకు ఆధారము తగ్గుతుంది.

తరుణోపాయం

తల్లివేరును విడిచి, ప్రక్కవేళ్ళు కొన్ని మాత్రమే తీసి మట్టి కప్పితే తీగ బ్రతుకుతుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు కణజాల వర్ధనం ద్వారా దీని మొక్కలను పెంచగలిగినారు. కనుక దీనిని పొలాలలో సాగుచేయుటకు మార్గమున్నది. కొనేటప్పుడు వేళ్ళు సాగు చేసినవా, అడవివా అని అడగండి.

ఇంటి అవసరాలకు సుగంధిపాలను కుండీలో పెంచుకొనవచ్చును. వేరు ముక్క నాటి, ప్రాకుటకు ఒక పుల్ల ఆధారమిస్తే చాలు. రెండేళ్ళకు కొన్ని వేళ్ళు తీసుకొనవచ్చును.

శారిబా హిమం: ఎండిన సుగంధిపాల వేళ్ళ చూర్ణం 10 గ్రాములు, 60 మిల్లీలీటర్ల మంచినీటిలో రాత్రి నానబెట్టి, ఉదయం వడగట్టి, పటికబెల్లం కలిపి సేవించాలి. గర్భిణులు, మధుమేహం, మూత్రపిండ వ్యాధులు గలవారు వైద్యుని సలహా తీసుకొనవలెను.