సైనిక సేవానంతర ఉపాధి - నిరుద్యోగ భృతి: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:

సైన్యం నుంచి విరమించి, మరో ఉద్యోగం దొరికేవరకు నిరీక్షించే వ్యక్తికి కొన్ని దేశాలు నిరుద్యోగ భృతిని హక్కుగా ఇస్తున్నాయి. భారతదేశంలో సైనికునికి ప్రత్యేకంగా అటువంటి భృతి లేదు. దానికి బదులు పింఛను, ఉద్యోగాల్లో రిజర్వేషన్, వయోపరిమితి సడలింపు, పునరావాస శిక్షణ వంటి ఏర్పాట్లు ఉన్నాయి. అయితే వీటిలో అధికభాగం 'మాజీ సైనికుడు' అనే నిర్వచనానికి లోబడినవారికే వర్తిస్తాయి. ఎన్నేళ్లు పనిచేశారన్న దానితోపాటు ఏ విధంగా బయటికి వచ్చారన్నది కూడా ఆ నిర్వచనంలో కీలకం. ఈ విషయాన్ని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: భృతి, మాజీ సైనికుడు, పునరావాసం, డిశ్చార్జి బుక్, సేవానిధి, అగ్నివీరుడు, పశ్చిమ ప్రకాశం.

1. ఉపోద్ఘాతం:

1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాయే 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మార్చుకుంది. కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు, నెల్లూరు, గుంటూరు జిల్లాల నుంచి మరికొన్ని తాలూకాలు ఇందులో చేరాయి. నల్లమల అంచున ఉన్న ఈ పశ్చిమ భాగం వర్షాభావానికి, ఫ్లోరైడ్ నీటికి పేరుపడిన మెట్టప్రాంతం. కంభం చెరువు వంటి ప్రాచీన జలాశయం ఉన్నా సాగునీటి కొరత తీరలేదు. మార్కాపురం పలకలు ఒకప్పుడు ఎందరికో పని కల్పించాయి. బడిలో రాతిపలక వాడకం తగ్గడంతో ఆ ఉపాధీ సన్నగిల్లింది.

ఇటువంటి చోట పదో తరగతి, ఇంటర్మీడియట్ చదివిన యువకులకు సైన్యం నెలజీతం ఇచ్చే మార్గం. గిద్దలూరు, కొమరోలు, కంభం పరిసర గ్రామాల నుంచి సైన్యంలో చేరినవారు, చేరాలని పరుగు సాధన చేసేవారు తరచుగా కనిపిస్తారు. చేరడానికి అవసరమైన సమాచారం గ్రామంలోనే దొరుకుతుంది. బయటికి వచ్చాక ఏమి దక్కుతుందన్న సమాచారం మాత్రం అంత సులభంగా అందదు.

2. 'భృతి' - పదం, భావం:

'భృతి' సంస్కృత పదం. భరించడం, పోషించడం అనే అర్థాలున్న 'భృ' ధాతువు నుంచి పుట్టింది. చేసిన పనికి ఇచ్చే కూలి, వేతనం దీని ప్రాచీనార్థం. భృతి తీసుకుని పనిచేసేవాడు భృత్యుడు. కౌటిల్యుని అర్థశాస్త్రం సేనలను వర్గీకరిస్తూ, వేతనం ఇచ్చి పోషించే సేనను భృతబలంగా పేర్కొంది. విధినిర్వహణలో మరణించినవారి భార్యాబిడ్డలకు భక్తవేతనాలు ఇవ్వాలనీ చెప్పింది. ఇందులోని 'భక్త' శబ్దానికి అన్నమని అర్థం. తెలుగులోని 'బత్తెం' దీని నుంచే వచ్చిందంటారు. నేటికీ వాడుకలో ఉన్న 'జీతబత్తేలు' అనే జంటపదంలో ఆ పాత సంబంధం నిలిచి ఉంది.

దీన్నిబట్టి భృతి అనే మాటకు సైనికునితో ఉన్న సంబంధం ప్రాచీనమైనది. 'నిరుద్యోగ భృతి' అనే ఆధునిక సమాసంలో అర్థం తలకిందులైంది: పని చేసినందుకు ఇచ్చేది కాస్తా, పని లేనందుకు ఇచ్చేదిగా మారింది. ఈ రెండర్థాల మధ్య ఉన్న ఖాళీలోనే సేవ ముగించిన సైనికుడు నిలబడి ఉంటాడు. చేసిన సేవకు ప్రతిఫలంగా వచ్చేది పింఛను. పని లేని కాలంలో పోషణకు ఇచ్చేది భృతి. భారతీయ వ్యవస్థ మొదటిదాన్ని ఏర్పరచింది. రెండోదాన్ని సైనికునికి ప్రత్యేకించి ఏర్పరచలేదు.

3. చారిత్రక నేపథ్యం:

యుద్ధాలు ముగిసినప్పుడల్లా వేలాది, లక్షలాది సైనికులు ఒక్కసారిగా నిరుద్యోగులవుతారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన 1918లో బ్రిటన్ తన సైనికులకు పని దొరికేవరకు తాత్కాలిక భృతి చెల్లించింది. అమెరికాలో 1944 నాటి సైనికుల పునరావాస చట్టం వారానికి 20 డాలర్ల చొప్పున గరిష్ఠంగా 52 వారాలు ఇచ్చింది. 1958లో అక్కడ సైనికులకు శాశ్వత నిరుద్యోగ భృతి చట్టం వచ్చింది. ఆ విధానంలో విరమించిన వ్యక్తి తాను నివసించే రాష్ట్రంలో దరఖాస్తు చేసుకుంటాడు. డీడీ-214 అనే విడుదల పత్రం ఆధారంగా అర్హతను తేలుస్తారు. ఖర్చును కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది.

రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది ఉన్నారు. పశ్చిమ ప్రకాశంలోని దొనకొండ విమానాశ్రయం ఆ యుద్ధకాలపు గుర్తే. అంత పెద్ద సైన్యాన్ని తగ్గించవలసి వచ్చినప్పుడు నాటి ప్రభుత్వం నెలవారీ భృతికి బదులు ఉద్యోగం వెతికిపెట్టే యంత్రాంగాన్ని ఎంచుకుంది. 1945 జులైలో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ ఏర్పడింది. దాని కింద వెలసినవే ఉపాధి కల్పనా కార్యాలయాలు. 1948లో వాటిని ఉద్యోగార్థులందరికీ తెరిచారు. 1956 నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజునే, వాటి దైనందిన నిర్వహణ రాష్ట్రాలకు బదిలీ అయింది. నిరుద్యోగులందరూ పేరు నమోదు చేసుకునే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్, మొదట సైన్యం నుంచి తిరిగివచ్చినవారి కోసం పుట్టిందన్నది ఇక్కడ గమనార్హం. డబ్బు కంటే కొలువు చూపడమే మేలన్న నాటి ఆలోచనే నేటి ఏర్పాట్లకూ పునాదిగా ఉంది.

4. 'మాజీ సైనికుడు' - నిర్వచనం:

వ్యవహారంలో సైన్యంలో పనిచేసి వచ్చిన ప్రతివారూ మాజీ సైనికులే. నియమావళిలో అలా కాదు. కేంద్ర సివిల్ ఉద్యోగాల్లో మాజీ సైనికుల పునర్నియామకానికి సంబంధించిన 1979 నాటి నియమాలు, వాటికి తరువాత జరిగిన సవరణలు దీన్ని నిర్వచించాయి. 1987 జులై 1, ఆ తరువాత విడుదలైనవారికి వర్తించే ప్రధానాంశాలివి:

అ) పింఛనుకు అర్హత సంపాదించి విరమించినవారు. వీరు స్వంత కోరికపై వచ్చినా, నియమానుసారం వచ్చినా ఒకటే. జవాన్ల స్థాయిలో పింఛనుకు 15 ఏళ్ల అర్హ సేవ అవసరం.

ఆ) సైనిక సేవ వల్ల కలిగిన అనారోగ్యంతో లేదా తమ అదుపులో లేని పరిస్థితులతో విడుదలై, వైద్య లేదా వైకల్య పింఛను పొందినవారు.

ఇ) సిబ్బంది తగ్గింపులో విడుదలైనవారు.

ఈ) నిర్ణీత ఒప్పందకాలం పూర్తిచేసి గ్రాట్యుటీ పొందినవారు. స్వంత కోరికపై వచ్చినవారు, దుష్ప్రవర్తన లేదా అసమర్థత కారణంగా తొలగింపునకు గురైనవారు దీనికిందికి రారు.

ఈ నిర్వచనం ఆచరణలో ఎలా పనిచేస్తుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఒకే ఊరి నుంచి ఒకే ఏడాది ఇద్దరు సైన్యంలో చేరారనుకుందాం. ఒకరు 17 ఏళ్లు పనిచేసి పింఛనుతో వచ్చారు. మరొకరు పదో ఏట, తండ్రి మంచాన పడి సేద్యం చూసేవారు లేక, స్వంత కోరికపై వచ్చారు. ఇద్దరూ సరిహద్దులో కాపలా కాసినవారే. ఊరు ఇద్దరినీ 'మిలటరీ ఆయన' అనే పిలుస్తుంది. కాని మొదటివారికి పింఛను, రిజర్వేషన్, వైద్యసౌకర్యం ఉన్నాయి. రెండోవారికి ప్రావిడెంట్ ఫండు, నియమాల ప్రకారం రావలసిన గ్రాట్యుటీ, బీమా సొమ్ము ముడుతాయి; అంతటితో ముగుస్తుంది. ఆయన నియమాల దృష్టిలో మాజీ సైనికుడు కాడు. ఈ సంగతి డిశ్చార్జి కోరే దరఖాస్తుపై సంతకం చేయడానికి ముందే తెలియవలసి ఉంటుంది. ఆ తరువాత తెలిసి ప్రయోజనం లేదు.

5. విరమణానంతర ప్రయోజనాలు - దరఖాస్తు విధానం:

5.1. పత్రాలు, నమోదు:

విరమణకు ముందే రక్షణ మంత్రిత్వ శాఖలోని పునరావాస డైరెక్టరేట్ జనరల్ ద్వారా వృత్తి శిక్షణ పొందే వీలుంది. విడుదల సమయంలో డిశ్చార్జి బుక్, పింఛను చెల్లింపు ఉత్తర్వు అందుతాయి. డిశ్చార్జి బుక్‌లో విడుదలకు కారణం, సేవాకాలం, ప్రవర్తన నమోదై ఉంటాయి. అర్హతకు సంబంధించిన ప్రతి ప్రశ్నకూ అదే మూలాధారం. స్వస్థలానికి చేరాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకుని గుర్తింపు కార్డు పొందాలి. ఉద్యోగార్థిగా నమోదు చేసుకోవడం దీనికి అదనంగా చేయవలసిన పని. కార్డు చేతికి రావడంతో ఉద్యోగ నమోదు కూడా జరిగిపోయిందనుకోరాదు. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఈ కార్యాలయం ఒంగోలులో ఉంది. గిద్దలూరు వైపు నుంచి వెళ్లేవారికి అది నూరు కిలోమీటర్లకు మించిన ప్రయాణం.

5.2. రిజర్వేషన్, సడలింపులు:

కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో 10 శాతం, పూర్వపు గ్రూప్-డి ఉద్యోగాల్లో 20 శాతం మాజీ సైనికులకు కేటాయించారు. ప్రభుత్వరంగ సంస్థలు, బ్యాంకుల్లో ఇవి వరుసగా 14.5, 24.5 శాతం, వీటిలో వికలాంగులైన మాజీ సైనికులకు, వీరమరణం పొందినవారి ఆశ్రితులకు ఉద్దేశించిన 4.5 శాతం కలిసి ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నియామకాల్లో 2 శాతం కోటా ఉంది.

వయస్సును లెక్కించే పద్ధతి చాలామందికి తెలియదు. అసలు వయస్సు నుంచి సైనిక సేవాకాలాన్ని తీసివేయాలి. మిగిలినది ఆ ఉద్యోగపు గరిష్ఠ వయఃపరిమితిని మూడేళ్లకు మించి దాటకూడదు. ఉదాహరణకు 37 ఏళ్ల వ్యక్తికి 17 ఏళ్ల సేవ ఉంటే లెక్కకు వచ్చే వయస్సు 20. గరిష్ఠ వయస్సు 27గా ఉన్న ఉద్యోగానికి ఆయన నిస్సందేహంగా అర్హుడు. అలాగే పదో తరగతి చదివి 15 ఏళ్ల సేవ పూర్తిచేసినవారిని, సాంకేతిక విద్యార్హత అవసరంలేని గ్రూప్-సి ఉద్యోగాలకు పట్టభద్రులతో సమానంగా పరిగణిస్తారు.

6. నిరుద్యోగ భృతి పథకాలు - వర్తించే తీరు:

ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న 'ముఖ్యమంత్రి యువనేస్తం' ప్రారంభమైంది. నెలకు 1000 రూపాయలుగా మొదలైన భృతి తరువాత 2000 అయింది. 22 నుంచి 35 ఏళ్ల వయస్సు, డిగ్రీ లేదా డిప్లొమా దీనికి అర్హతలు. 2019లో ప్రభుత్వం మారాక పథకం కొనసాగలేదు. 2024 ఎన్నికల్లో నెలకు 3000 రూపాయల భృతి హామీగా ముందుకు వచ్చింది. యువనేస్తం అర్హతలను సైనికునికి అన్వయిస్తే ఫలితం స్పష్టం. ఇంటర్మీడియట్‌తో చేరి, 35 నుంచి 40 ఏళ్ల మధ్య బయటికి వచ్చే జవాను వయస్సు రీత్యానూ, చదువు రీత్యానూ దాని పరిధిలోకి రాడు. చదువుకుని ఇంకా పని దొరకని యువకుణ్ణి దృష్టిలో పెట్టుకున్న పథకం అది. నడివయస్సులో రెండోసారి పని వెతుక్కునే వ్యక్తి దాని ఊహలో లేడు.

రెండో మార్గం కార్మిక రాజ్యబీమా సంస్థ 2018లో ప్రవేశపెట్టిన 'అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన'. దీన్ని గడువు పొడిగిస్తూ అమలు చేస్తున్నారు. 2020లో భృతిని సగటు దినవేతనంలో 50 శాతానికి పెంచారు. జీవితకాలంలో గరిష్ఠంగా 90 రోజులకు ఇస్తారు. సైనిక సేవ ఈ బీమా కిందికి రాదు కాబట్టి సైన్యం నుంచి వచ్చిన వెంటనే దీన్ని కోరడం కుదరదు. అయితే మాజీ సైనికుల్లో చాలామంది భద్రతా సిబ్బందిగా ప్రైవేటు కొలువుల్లో చేరుతున్నారు. నెలకు 21,000 రూపాయల లోపు వేతనంతో బీమా చందా కట్టిన అటువంటి వ్యక్తి, ఆ కొలువు పోయినప్పుడు నిబంధనలకు లోబడి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇక్కడ ఆయనకు భృతి వచ్చేది బీమా చెల్లించిన కార్మికుడిగానే. సైనిక సేవ దీనికి ఆధారం కాదు.

పింఛను లేని నిరుపేద మాజీ సైనికులకు కేంద్రీయ సైనిక బోర్డు ఇచ్చే నెలవారీ సాయాన్ని 2025 అక్టోబరులో 4000 నుంచి 8000 రూపాయలకు పెంచారు. అది 65 ఏళ్లు దాటిన హవల్దారు, అంతకు దిగువ హోదాల వారికి ఉద్దేశించినది. కాబట్టి వృద్ధాప్యపు ఆసరాగా ఉపయోగపడుతుందే తప్ప ఉద్యోగాన్వేషణ కాలానికి పనికిరాదు.

7. అగ్నివీరులు - కొత్త ప్రశ్న:

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం ఈ చర్చను మరింత అవసరమైనదిగా మార్చింది. పదిహేడున్నర నుంచి 21 ఏళ్ల వయస్సులో చేరినవారు నాలుగేళ్లు పనిచేస్తారు. వారిలో 25 శాతం వరకు శాశ్వత సేవకు ఎంపికవుతారు. మొదటి ఏడాది 30,000 రూపాయలున్న నెలజీతం నాలుగో ఏడాదికి 40,000కు చేరుతుంది. అందులో 30 శాతం నిధికి జమవుతుంది. అంతే మొత్తాన్ని ప్రభుత్వం కలుపుతుంది. నాలుగేళ్ల చివర వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల రూపాయలు సేవానిధిగా, ఆదాయపు పన్ను లేకుండా అందుతాయి. మధ్యలో స్వంత కోరికపై వచ్చేస్తే తన వాటా, దానిపై వడ్డీ దక్కుతాయి. ప్రభుత్వ వాటా రాదు.

వీరికి పింఛను, గ్రాట్యుటీ, మాజీ సైనికుని హోదా ఉండవు. నిర్ణీత కాలం పూర్తిచేయడం వరకు చూస్తే వీరు నాలుగో అంశానికి దగ్గరగానే ఉన్నారు. అయితే అందులో చెప్పిన గ్రాట్యుటీ వీరికి లేదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో 10 శాతం ఖాళీలను అగ్నివీరులకు కేటాయిస్తామని కేంద్ర హోంశాఖ 2022 జూన్‌లోనే ప్రకటించింది. పదో తరగతితో చేరినవారికి పన్నెండో తరగతికి సమానమైన ధ్రువపత్రం లభిస్తుంది.

సేవానిధిని నిరుద్యోగ భృతికి ప్రత్యామ్నాయంగా భావించవచ్చునా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న. 6.5 శాతం వడ్డీకి ఆ మొత్తాన్ని డిపాజిట్ చేస్తే నెలకు సుమారు 6,300 రూపాయలు వస్తాయి. నాలుగో ఏడాది చేతికందే జీతం 28,000. బోరు తవ్వించడానికో, చెల్లెలి పెళ్లికో, పాత అప్పుకో అసలు సొమ్మును కదిలిస్తే ఆ వడ్డీ కూడా మిగలదు. మెట్టప్రాంతపు కుటుంబంలో ఒక్కసారిగా వచ్చిన పెద్దమొత్తం ఒక్కసారిగానే ఖర్చయ్యే అవకాశం ఎక్కువ. భృతి నెలనెలా రావడంలో ఉన్న రక్షణ ఏకమొత్తంలో ఉండదు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి:

1. భారతదేశంలో సైనిక సేవ ముగించినంత మాత్రాన నిరుద్యోగ భృతికి హక్కు ఏర్పడదు. పింఛను, రిజర్వేషన్లు దాని స్థానంలో ఉన్నాయి.

2. ఈ ప్రయోజనాలకు ద్వారం 'మాజీ సైనికుడు' అనే నిర్వచనం. పింఛనుకు ముందే స్వంత కోరికపై వచ్చినవారికి అది మూసుకుపోతుంది.

3. రాష్ట్రం కొత్తగా భృతి పథకాన్ని రూపొందించేటప్పుడు వయస్సు, చదువు అనే రెండు కొలతలతోనే సరిపెట్టకుండా, సేవానంతరం పని వెతుక్కునే కాలాన్ని కూడా పరిగణిస్తే అగ్నివీరులకు, పింఛను లేనివారికి మేలు జరుగుతుంది.

4. 2023 జనవరిలో శిక్షణ ప్రారంభించిన తొలి విడత సైనిక అగ్నివీరుల నాలుగేళ్ల కాలం 2026 చివరికి పూర్తవుతుంది. ఆలోగా డిశ్చార్జి నియమాలు, సేవానిధి వినియోగం, వయస్సు లెక్కింపు గురించి సరళమైన తెలుగులో కరపత్రాలు వెలువడాలి. మార్కాపురం, గిద్దలూరులలో సైనిక సంక్షేమ శిబిరాలు నిర్ణీత వ్యవధుల్లో జరగాలి. సెలవుపై ఊరికి వచ్చిన జవాను, డిశ్చార్జి కోరాలా వద్దా అని ఇంట్లో చర్చించే వేళకు ఆ కరపత్రం అతని చేతిలో ఉండటం ముఖ్యం.